బాతుల పిల్ల, ఆకురాయి

ముందు చెప్పులు చూడండి

జర్మనీలోని ఆ పాత విశ్వవిద్యాలయ పట్నం నడిబొడ్డున ఒక చౌక్ ఉంది. మన అడవి పక్క ఊళ్ళవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళేటప్పుడు నేను మొట్టమొదట చూసేది వాళ్ళ చెప్పులు. చౌక్ అంతా రాళ్ళు పరిచి ఉంటుంది. ఎన్నో తరాల అడుగులకు అవి నున్నబడిపోయాయి. చినుకు పడితే చాలు, జారతాయి. నా మొదటి ప్రయాణంలో రబ్బరు చెప్పులు వేసుకొచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు అక్కడ పడ్డారు. నేనేమో వెనక్కి తిరిగి చూడకుండా, ఎదురుగా ఉన్న పురభవనం ఎవరు కట్టించారో చెప్పుకుంటూ ముందుకు నడిచాను. ఒకామె మోకాలు చిట్లి రక్తం కారుతుంటే నేను వాస్తుశిల్పం గురించి మాట్లాడుతున్నాను.

నేను దుబాసీని. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడం నా పని. గోదావరి ఒడ్డున మా క్రైస్తవ సంఘాల సమాఖ్యలో, అతిథుల విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. మా సంఘాలకూ ఆ పట్నంలోని ఒక చర్చికీ పాత స్నేహం. ఒక ఏడు వాళ్ళు భద్రాచలం వస్తారు, ఇంకో ఏడు మనవాళ్ళు ఐదారుగురు అక్కడికి వెళ్తారు. రెండువైపులా మధ్యలో నిలబడేవాణ్ణి నేను.

మా నాన్న ఏన్కూరు పక్కన ఒక చిన్న ఊళ్ళో, పాస్టరు లేని సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి. పలక పట్టకముందే నాకు బైబిలు వాక్యాలు నోటికి వచ్చాయి. జర్మన్ మాత్రం మిషన్ ఆసుపత్రిలో ఉండిపోయిన ఒక ముసలి నర్సమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆమెకు కళ్ళు మసకబారాక ఉత్తరాలు చదివిపెట్టేవాణ్ణి. రాసింది రాసినట్టు, ఒక్క ముక్క వదలకుండా చదవమనేది. ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను. వీసాలు, జీతాలు, ప్రమోషన్ల సంగతి రాయను, అవి ఆఫీసులో చెబుతారు. ఫోన్ ఇప్పుడు మాటలు మార్చి పెడుతుంది, నాకంటే వేగంగా పెడుతుంది. ఫోన్‌కు లేని గొడవ ఒకటి మనకుంది. ఏది చెప్పాలి, ఏది మింగాలి అని మనకు లోపల ఒక గొంతు చెబుతుంటుంది. ఆ గొంతు వల్ల నేను చేసిన పెద్ద తప్పు ఒకటి ఉంది, ముఖ్యంగా దాని గురించే రాస్తాను. అందులో వచ్చే ఊరి పేరు గానీ, ఆ పట్నం పేరు గానీ రాయను. రెండుచోట్లా మనుషులు ఇంకా ఉన్నారు.

చౌక్‌లో ఏం చూపించాలి

సంవత్సరాలు చెప్పకండి, ఎవరికీ గుర్తుండవు. మనవాళ్ళు ఏం అడుగుతారో వినండి, దాని వెంట నడవండి.

పురభవనం మెట్లకు ఒకవైపు రాతి సింహం ఉంటుంది. మనవాళ్ళలో ప్రతి జట్టులో ఎవరో ఒకరు అడుగుతారు, "ఇది వీళ్ళ మండలాఫీసా?" అని. అవునని చెప్పండి. ఒకప్పుడు అంతే. ఇప్పుడు అక్కడ పెళ్ళిళ్ళు రిజిస్టర్ చేస్తారు, కింద నేలమాళిగలో భోజనం దొరుకుతుంది. చౌక్ వెనకే రెండు గోపురాల చర్చి. ఒక గోపురంలో, అంత ఎత్తున, కాపలాదారు పెళ్ళాం బిడ్డలతో కాపురముండేవాడు. పట్నంలో ఎక్కడ మంట లేచినా కొమ్ము ఊదడం అతని పని. ఇది చెప్పగానే మగవాళ్ళు ఎత్తు ఎంతని అడుగుతారు. ఆడవాళ్ళు మాత్రం, "మరి నీళ్ళెట్ల మోసిన్రు?" అని అడుగుతారు. తాడు కట్టి బొక్కెనతో లాగేవారు. ఈ జవాబు విన్న ఆడవాళ్ళెవరూ ఆ గోపురాన్ని మరిచిపోలేదు.

విశ్వవిద్యాలయానికి ఒకప్పుడు సొంత జైలు ఉండేది. అల్లరి చేసిన విద్యార్థులను నాలుగు రోజులు అందులో పెట్టేవారు. వాళ్ళు గోడలనిండా పేర్లు, బొమ్మలు గీసి పోయారు. ఇప్పుడు అవే గొప్పగా చూపిస్తారు. చుట్టుపక్కల ఇళ్ళ గోడలమీద తెల్లని పలకలు కనిపిస్తాయి. ఫలానా పండితుడు ఈ ఇంట్లో ఇన్నేళ్ళు ఉన్నాడని రాసి ఉంటుంది. చాలామంది ఆ ఇళ్ళలో అద్దెకున్న విద్యార్థులే. ఆ సంగతి చెబితే ఒక పెద్దామె పకపకా నవ్వింది.

"కిరాయికున్నోళ్ళ పేర్లు గోడకు కొట్టిండ్రా! మా ఇంటికి ఇంటి నంబరే ఇయ్యలే."

ఆమె పేరు మార్తమ్మ. నేను చెప్పబోయేది ఆమె కథే, ఆమె మనవరాలి కథ. కొద్దిసేపట్లో వస్తాను.

ఇళ్ళ గుమ్మాల ముందు, నేలలో, అరచేయంత ఇత్తడి పలకలు కొన్ని పొదిగి ఉంటాయి. ఒకనాడు ఆ ఇళ్ళనుంచి ఈడ్చుకుపోయి చంపిన యూదుల పేర్లు అవి. వాళ్ళ గురించి చెప్పేటప్పుడు గొంతు పెంచకండి. పేరు చదవండి, కాసేపు ఆగండి. మార్తమ్మ ఆ పలకమీద అడుగు పడకుండా పక్కనుంచి చుట్టి నడిచింది. ఆ తరవాత మా జట్టు అంతా అలాగే నడిచింది.

ఇక చౌక్ మధ్యలో నీళ్ళ తొట్టె, దాని మీద ఇనుప తీగల పందిరి, ఆ పందిరి కింద ఒక కంచు పిల్ల. బాతులు కాచే పిల్ల. చేతుల్లో బాతులు, బుట్టలో ఇంకొకటి. ఆ పిల్ల రాణి కాదు, పునీతురాలూ కాదు, సంతకు బాతులు తోలుకొచ్చిన బీద పిల్ల. ఆ పట్నంలో ఒక సంప్రదాయం ఉంది. విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా పుచ్చుకున్నవాళ్ళను స్నేహితులు అలంకరించిన తోపుడు బండిలో కూర్చోబెట్టి చౌక్‌కు లాక్కొస్తారు. వాళ్ళు తొట్టె ఎక్కి, ఆ కంచు పిల్లకు పూలిచ్చి, చెంపమీద ముద్దు పెట్టి దిగుతారు. ఒకప్పుడు పట్నం పెద్దలు దీన్ని నిషేధించారట. ఎవరూ వినలేదట.

నా తప్పు ఆ తొట్టె దగ్గరే జరిగింది.

డైరెక్టరుగారు నేర్పింది

దానికంటే ముందు మా డైరెక్టరుగారి గురించి చెప్పాలి. మంచి మనిషి. గోదావరి పొంగి మా ఆఫీసులోకి నీళ్ళొచ్చిన ఏడు, స్టాఫ్ అందరినీ పడవ ఎక్కించి చివర తాను ఎక్కాడు. పనిలో మాత్రం ఆయన నాకు నేర్పింది తప్పు.

"చూడయ్యా," అనేవాడు, "దొరలకు నచ్చేది చెప్పు, మనవాళ్ళకు మేలు చేసేది చెప్పు. మిగతాది నీ దగ్గరే ఉంచుకో. వంటలో ఉప్పులాగ, అంతా నీ చేతిలోనే ఉంది."

అశ్వారావుపేట అవతల ఒక ఊళ్ళో జర్మనీ అతిథి ఒకాయన ఊరి పెద్దాయనను అడిగాడు, మీకు మేమేం చేయగలమని. పెద్దాయన ఆలోచించి, "మళ్ళొకసారి రండ్రి. వచ్చి పోతుంటే బాగుంటది," అన్నాడు. డైరెక్టరుగారు నా చెయ్యి నొక్కారు. నేను జర్మన్‌లో, ఊరికి బోరింగ్ కావాలంటున్నారని చెప్పాను. బోరింగ్ వచ్చింది. నీళ్ళు బాగా పడ్డాయి, ఈనాటికీ కొడుతున్నారు. డైరెక్టరుగారు నన్ను మెచ్చుకున్నారు.

ఆ పెద్దాయన మాత్రం బతికున్నంతకాలం నేను కనబడితే అడిగేవాడు. "ఆ తెల్లాయన మళ్ళ రాకపాయె. నువ్వు చెప్పినవా, మరి?"

చెప్పానని అనేవాణ్ణి.

ఆకురాయి

మార్తమ్మది అడవిలోకి బాగా లోపలికి ఉన్న ఊరు. సంఘంలో పదిహేను ఇళ్ళుంటాయి, మిగతావాళ్ళంతా పాత పద్ధతిలో ఉన్నవాళ్ళు. మార్తమ్మ స్త్రీల సమాజం పెద్ద. మనవరాలు సుగుణను తానే పెంచింది. ఆ ఊరినుంచి నర్సు చదువుకు వెళ్ళిన మొదటి పిల్ల సుగుణ.

ఊరి దారి రోడ్డుకు కలిసే మలుపులో ఒక రాళ్ళగుట్ట ఉంది. దాన్ని ఆకురాయి అంటారు. దూరం పోయేవాళ్ళు ఒక ఆకుకొమ్మ విరిచి దానిమీద వేసి పోతారు. పని నెరవేరి తిరిగొస్తే పూలు పెడతారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఆకు వేయకుండా మలుపు దాటతారు. ఆ ఊళ్ళో విశ్వాసి ఎవరో తెలిసేది ఆ మలుపులోనే. మీకు ఇది చిన్న సంగతిలా కనిపించవచ్చు. అలా మలుపు దాటినందుకు అన్నదమ్ముల పలకరింపు పోగొట్టుకున్నవాళ్ళు ఆ సంఘంలో ఉన్నారు.

సుగుణ నర్సు పరీక్ష పాసై భద్రాచలం నుంచి బస్సులో వచ్చింది. మలుపులో దిగింది. మోదుగుపూలు కోసి ఆకురాయిమీద పెట్టింది, చెయ్యి రాయికి తాకించి కళ్ళకద్దుకుంది. బండిమీద పోతున్న సంఘ పెద్ద ఒకాయన చూశాడు.

ఆ ఆదివారం నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను, జర్మనీ ప్రయాణానికి మార్తమ్మ పేరు ఖాయం చేయడానికి వెళ్ళాను. ఆరాధన చివర్లో విషయం ఎత్తారు. పెద్దలు నావైపు తిరిగారు.

"సారు చదువుకున్నోరు. వాక్యం ఏమంటదో సారే చెప్తరు."

నేను వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. విగ్రహాల గురించిన ఆజ్ఞ తీసి, గొంతు సవరించుకుని చదివాను. బాగా చదివాను. రేకుల కప్పు కింద నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది.

సుగుణ వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. "నేను మొక్కలే," అంది.

"మొక్కకుంటే పూలెందుకు పెడ్తివి?" అన్నాడు పెద్ద.

"చెప్తే ఇంటరా?"

ఎవరో చివరి పాట ఎత్తుకున్నారు. నేనూ గొంతు కలిపాను. పాటయ్యాక చేతులెత్తించారు. సుగుణ విగ్రహానికి మొక్కానని అందరిముందు ఒప్పుకునేదాకా, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. అందరికంటే చివర లేచిన చెయ్యి మార్తమ్మది. పైకి పూర్తిగా లేవలేదు కూడా, చెవిదాకా వచ్చి ఆగింది. లెక్కలోకి మాత్రం వచ్చింది.

సుగుణ ఆ రోజునుంచి చర్చికి రావడం మానేసింది. చేయని తప్పు చేశానని ఒప్పుకోనంది.

వదిలేసిన మాట

రెండు నెలల తరవాత మార్తమ్మ, ఇంకో నలుగురు, నేను ఆ చౌక్‌లో ఉన్నాం. శనివారం. గోపురం మీదినుంచి నాలుగు దిక్కులకూ తిరిగి బాకాలు ఊదుతున్నారు, అదీ అక్కడి పాత అలవాటే. రాగం వినగానే మార్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, ఇది మన పాట గదా! మన పాట వీళ్ళకెట్ల దొరికింది?"

వాళ్ళ పాటే మనకొచ్చిందని నేను చెప్పలేదు. ఆమె చౌక్ మధ్యలో నిలబడి తెలుగులో ఆ పాట చివరిదాకా పాడింది. కూరగాయలమ్మేవాళ్ళు తూకం ఆపి విన్నారు.

మాతో ఆ చర్చి వృద్ధ పాస్టరు ఉన్నారు. యోహానెస్ అని పిలుద్దాం. మార్తమ్మ ఆయనను యోహాను అయ్యగారు అనేది. అప్పుడే ఒక వీధిలోంచి కేకలు, నవ్వులు. పూలు చుట్టిన తోపుడు బండిలో ఒక అమ్మాయి, తలమీద కాగితాలూ బొమ్మలూ అతికించిన నల్ల టోపీ. తొట్టె ఎక్కింది, కంచు పిల్ల చేతుల్లో పూలగుత్తి పెట్టింది, చెంపమీద ముద్దు పెట్టింది. చౌక్ అంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది యోహానెస్‌గారు.

మార్తమ్మ నవ్వడం ఆపేసింది.

"ఏంది తమ్మీ అది? ఆ బొమ్మ ఏ దేవత? అయ్యగారు గూడ చప్పట్లు కొట్టవట్టె."

నేను జవాబు చెప్పేలోపే యోహానెస్‌గారు ఉత్సాహంగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన చెప్పింది ఇది: "ఆమె దేవత కాదని అమ్మకు చెప్పండి. నేను కూడా ఎక్కాను. లేఖనాలమీద డాక్టరు పట్టా వచ్చిన రోజున, పూలు పెట్టి, ముద్దు పెట్టాను. మరుసటి ఆదివారం అదిగో, ఆ చర్చిలోనే ప్రసంగం చేశాను."

నాకు రేకుల కప్పు కింద నా గొంతు గుర్తొచ్చింది. ఈ మాట ఊరికి చేరితే ఏమవుతుంది? పాస్టరే బొమ్మకు పూలు పెట్టాడంటే, మలుపులో ఆకు వేయకుండా దాటడానికి అంత పోగొట్టుకున్నవాళ్ళు ఏమనుకుంటారు? మనవాళ్ళకు మేలు చేసేదే చెప్పు, అని లోపలి గొంతు అంది. నిజం చెప్పాలంటే, దానికింద ఇంకో గొంతు ఉంది. నేను చదివిన వాక్యం తప్పుచోట చదివానని తేలకూడదు.

"చదువుకున్న పిల్లల ఆట అంటమ్మా," అన్నాను.

మార్తమ్మ నా ముఖంలోకి చూసింది.

"అంతసేపు మాట్లాడిండు. నువ్వు గింతే చెప్తివి?"

"మిగతాది ఎండ గురించి. ఈ ఏడు ఎండలు బాగున్నాయంటున్నారు."

గోడమీది ఫొటో

మర్నాడు యోహానెస్‌గారింట్లో భోజనం. చౌక్‌కు ఎదురుగా ఉన్న సందులో, పైఅంతస్తు ఇల్లు. సూప్ తాగి మార్తమ్మ లేచి గోడమీది ఫొటోలు చూడసాగింది. ఒకదాని ముందు ఆగి, కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఈ ముక్కు అయ్యగారిదే," అంది. "తమ్మీ, ఇటు రా."

పాత నలుపు తెలుపు ఫొటో. సన్నటి యువకుడు నల్ల టోపీతో తొట్టె ఎక్కి, కంచు పిల్ల చెంపకు పెదవులు ఆనించి ఉన్నాడు.

"నిన్న అంగట్ల అయ్యగారు చెప్పింది ఇదేనా?"

నేను ఫొటో చట్రం సరిచేయబోయాను.

"నాకు ఎండలని చెప్తివి గదా."

"అమ్మా, అది..."

"నీ మాట నాకొద్దు. నా మాట ఆయనకు చెప్పు. ఎట్లన్న దాన్ని గట్లనే చెప్పు. ఆ బొమ్మకు మొక్కినవా అయ్యగారూ, అని అడుగు."

అడిగాను. యోహానెస్‌గారు నవ్వేస్తారనుకున్నాను. ఆయన చెంచా కింద పెట్టారు.

"లేదమ్మా. దేవునికి చెప్పుకోవాల్సింది పొద్దున చర్చిలో మోకరించి చెప్పుకున్నాను. కానీ ఊరికి కూడా చెప్పుకోవాలి కదా. నాకు గది ఇచ్చినామె, చలికి తన కోటు ఇచ్చిన దుకాణదారు, నేను తప్పినప్పుడల్లా మళ్ళీ చదవమని తిట్టిన తోటివాళ్ళు, అందరూ ఆ చౌక్‌లో నిలబడి ఉన్నారు. వాళ్ళలో చర్చికి రానివాళ్ళే ఎక్కువ. ఈ ఊరికి కృతజ్ఞత చెప్పే పద్ధతి ఇది. ఊరికి అర్థమయ్యేట్టు చెప్పాను."

ఈసారి ఒక్క మాట వదలకుండా చెప్పాను. మార్తమ్మ మళ్ళీ బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నా మనవరాలు గూడ పూలు పెట్టింది," అంది. ఆకురాయి సంగతి, మోదుగుపూల సంగతి అంతా చెప్పింది. చెప్పి నావైపు వేలు చూపింది. "వాక్యం చదివింది ఈ తమ్ముడే. చెయ్యెత్తింది నేను. ఇది గూడ చెప్పు ఆయనకు. మళ్ళ ఎండ గురించి చెప్పేవు."

నా గురించి నేనే, "ఇతను" అంటూ, పరాయి భాషలో నా మీద ఫిర్యాదు చెప్పాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత కష్టమైన అనువాదం ఇంకొకటి చేయలేదు. అంత సరిగ్గా కూడా చేయలేదనుకుంటాను.

యోహానెస్‌గారు లేచి కిటికీలోంచి కిందికి చూశారు.

"మీ సంఘం ఏం చేయాలో నేను చెప్పకూడదు," అన్నారు. "మా సంగతి ఒకటి చెబుతాను. కింద ఇత్తడి పలకలు చూశారు కదా. ఆ పేర్లవాళ్ళను ఈ వీధినుంచి తీసుకెళ్ళిన వారం కూడా మా చర్చిలో వాక్యం చదివారు. ఒక్క అక్షరం తప్పు లేకుండా చదివారు."

అది చెప్పాక మార్తమ్మ పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఆ అవకాశం లేదు. దుబాసీ ఏడవకూడదు, తరవాతి మాట వినపడదు.

బీపీ

తిరిగొచ్చిన మొదటి ఆదివారమే మార్తమ్మ సంఘంలో లేచి నిలబడింది. నేను వెళ్ళలేదు, తరవాత విన్నాను. "ఆ దినం చెయ్యెత్తిన. ఇప్పుడు దింపుతున్న," అందట. ఫొటో సంగతి చెప్పిందట. ఒక పెద్ద అడ్డు చెప్పాడు. "రేపు అందరు పూలు పట్టుకొని మలుపుకాడికి పోతరు. ఎవల్ని ఆపుతం?" ఆయనను చూసి నవ్వకండి. ఆ భయం నిజమైనది, ఆయన ఆ మలుపు దాటడానికి సొంత తమ్ముణ్ణి వదులుకున్నవాడు. అయినా చివరికి తీర్మానం ఎత్తేశారు.

సుగుణ రాలేదు.

మార్తమ్మ ఫోన్ చేసింది. "తలుపైతే తెరిచిన్రు గని, పిల్ల రాకపాయె. 'నన్నెవలన్న అడిగిన్రా?' అంటాంది. ఆ వాక్యం చదివినాయన వచ్చి అడగాల్నంట."

వెళ్తానన్నాను. నాలుగు నెలలు వెళ్ళలేదు. పనుందని చెప్పుకున్నాను. వయసులో చిన్నపిల్ల ముందుకు వెళ్ళి నిలబడటానికి మోకాళ్ళు వంగలేదు, అంతే. ప్రతి రోజూ ప్రార్థనకు వంగే మోకాళ్ళే అవి.

చివరికి ఒక సోమవారం బస్సెక్కాను. సుగుణ మండలం దవాఖానాలో నర్సుగా చేరింది. జ్వరాలవాళ్ళతోపాటు లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆమె తల ఎత్తి చూసి, నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది.

"బీపీ ఎక్కువుంది, సారు."

"ఉంటుందమ్మా. ఒకటి అడగడానికొచ్చాను. ఆ రోజు ఆకురాయి దగ్గర నువ్వేం చేశావు?"

"ఇప్పుడా అడిగేది?" అంది. నా వెనక లైన్లో ఉన్న ముసలాయనను పక్క బెంచీమీద కూర్చోమని చెప్పింది. అప్పుడు చెప్పింది.

"నేను చదువుకు పోయిన్నాడు ఆకు వెయ్యలే, సారు. వాక్యం ప్రకారమే దాటిపోయిన. నాకు తెల్వకుండ ఊరోళ్ళు నా పేరున ఏసిన్రు. సంఘంల లేనోళ్ళు. అడవికి పోయినప్పుడల్లా ఎవలో ఒకలు, 'ఇది మన నర్సుపిల్లకు,' అనుకుంట ఒక ఆకు ఏసెటోళ్ళంట. చదువైపోయేదాంక. పాసైనంక ఫోన్ల మా పెద్దమ్మ చెప్పింది. బస్సు దిగి చూస్తే రాళ్ళు కనబడలే, అన్నీ ఎండిన ఆకులే. నేనేం చెయ్యాలె, మీరే చెప్పున్రి. వాళ్ళు ప్రార్థనకు రారు. 'థాంక్యూ' అంటే నవ్వుతరు. వాళ్ళకు తెలిసినట్టు పూలు పెట్టిన. పెట్టి, 'ప్రభువా, వీళ్ళను దీవించు,' అన్న. అంతే."

పట్టీ విప్పింది. నా చేతిమీద దాని గుర్తు ఎర్రగా ఉండిపోయింది.

నేను ఇప్పటికీ ఆకురాయికి పూలు పెట్టను. ఆ ఆజ్ఞ నాకు ఆజ్ఞే. కానీ తోటలో వద్దన్న పండు తిన్న మొదటి మనిషిని దేవుడు శిక్షించేముందు పిలిచి ప్రశ్న అడిగాడని చిన్నప్పుడే మా నాన్న దగ్గర చదివాను. అన్నీ తెలిసినవాడు అడిగాడు. ఏమీ తెలియని నేను అడగలేదు, పాట అందుకున్నాను.

"తప్పు నాది, తల్లీ," అన్నాను.

"ఇక్కడ చెప్తే ఎట్ల, సారు? అందరి ముందల చదివిన్రు. అందరి ముందల చెప్పాలె." అని, లైన్‌వైపు చూసి పిలిచింది, "తాతా, నువ్వు రా."

తలుపు దగ్గర

మరుసటి ఏడు వాళ్ళు మన దగ్గరికి వచ్చే ఏడు. యోహానెస్‌గారు చేతికర్రతో వచ్చారు. మార్తమ్మ ఊరికి తీసుకెళ్ళాలని పట్టుబట్టారు. దారిలో మలుపు దగ్గర జీపు ఆపించి, ఈ ఆకులేమిటని అడిగారు. చెప్పాను. ఆయన టోపీ తీసి కాసేపు నిలబడ్డారు, ఏమీ వేయలేదు. నేనూ నిలబడ్డాను.

చర్చిలో చాపలమీద అందరూ కూర్చున్నారు. ఆయన శుభాకాంక్షలు నేను తెలుగులో చెప్పాలి, కార్యక్రమం అంతవరకే. సుగుణ వచ్చింది. లోపలికి రాలేదు. డ్యూటీ బట్టల్లోనే తలుపు బయట నిలబడింది, చెప్పులు విడవలేదు.

నేను ముందుగా మాట్లాడతానని అనుమతి అడిగాను. ఆ ఆదివారం నేను వాక్యం చదివిన సంగతి, అడగకుండా చదివిన సంగతి చెప్పాను. పాట ఎత్తుకున్నప్పుడు నేనూ గొంతు కలిపానని చెప్పాను. చౌక్‌లో ఎండ గురించి చెప్పిన అబద్ధం చెప్పాను. నాలుగు నెలల ఆలస్యం చెప్పాను. సుగుణ అనుమతితో ఆకుల సంగతి చెప్పాను. ఆ పిల్ల కోసం ఊరంతా ఆకులు వేసిందన్నప్పుడు, ఇంతకుముందు అడ్డుచెప్పిన పెద్ద తల దించుకున్నాడు. ఆ ఆకులు వేసినవాళ్ళలో ఆయన తమ్ముడు కూడా ఉన్నాడని తరవాత తెలిసింది.

అప్పుడు యోహానెస్‌గారివైపు తిరిగి అదంతా జర్మన్‌లో చెప్పాను. చాలాసేపే పట్టింది. ముగించగానే ఆడవాళ్ళ వైపునుంచి మార్తమ్మ గొంతు వినిపించింది.

"తమ్మీ, అంతా చెప్పినవా? ఏమన్న ఎండలోకి పోయిందా?"

చాపలమీద నవ్వులు లేచాయి. యోహానెస్‌గారు ఎందుకు నవ్వుతున్నారని అడిగితే అదీ చెప్పాను. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వారు.

"ఈసారి ఏమీ పోలేదమ్మా," అన్నాను.

తలుపు దగ్గరనుంచి సుగుణ అంది. "నా పేరు చెప్పిన్రా, సారు, ఆయనకు? 'ఒక పిల్ల' అనే చెప్పిన్రా?"

"పేరే చెప్పానమ్మా. సుగుణ అని."

ఆమె వంగి చెప్పులు విప్పింది, మిగతా చెప్పుల వరసలో సరిగ్గా జత పెట్టింది. లోపలికి వచ్చి మార్తమ్మ పక్కన కూర్చుంది. మార్తమ్మ జరిగి చోటిచ్చింది, ముఖంమాత్రం పక్కకు తిప్పుకుంది.

ప్రభువు బల్ల దగ్గరికి వరసలు కదిలాయి. నేను యోహానెస్‌గారి పక్కన నిలబడి పాట మాటలు ఆయన చెవిలో చెబుతున్నాను. నా చూపు మాత్రం ఆరాధన ముగిసేదాకా వాకిలివైపే ఉంది. ఆ చెప్పులు అక్కడే ఉన్నాయి.